వేడిమి కొలతలు — వాని మార్పిడి



నేను ముప్పదియైదేండ్లు పల్లెబడులలో తెలుగును, లెక్కలను చెప్పి విశ్రాంతి పొందినవాడను. నేడు వంటపొయ్యి వేడిని గూర్చి ప్రసంగింప బూనితినని విని నా మిత్రులు కొందఱు నవ్విరి. వారి నవ్వు న్యాయమే. పొయ్యి చెంత నాకున్న ప్రజ్ఞ స్వల్పము. కాని మా వంటయింట పుట్టిన యొక చిన్న చిక్కు నన్ను మూడు వందల యేండ్ల చరిత్రలోనికి కొనిపోయినది. ఆ చరిత్రలో మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలకును పాలు కలదు. అది మీకు విన్నవించుటకే యీ ప్రసంగము.

గడచిన సంక్రాంతికి మా కోడలు విద్యుత్తుతో కాగెడి ఓవెను నొకదానిని తెప్పించెను. అమెరికాలో నున్న మా చిన్నకూతురు జొన్నపిండి బిస్కట్లు చేయు విధమును వ్రాసి పంపెను. అందు “350 డిగ్రీల వేడిలో పండ్రెండు నిమిషములు” అని యున్నది. మా మనుమరాలు ఓవెను మీది చక్రమును త్రిప్పి చూచి నాయొద్దకు పరుగెత్తివచ్చి, “తాతా! పొయ్యి మీది అంకెలు 250 తోనే ఆగిపోయినవి. మిగిలిన నూరు ఎక్కడినుండి తేవలెను?” అని యడిగెను. నేను ఏదియో చదువుకొనుచు, “ఉన్నంతవఱకు త్రిప్పుము” అంటిని. పండ్రెండు నిమిషములకు ఇల్లంతయు పొగ నిండినది. బిస్కట్లు బొగ్గులైనవి. తప్పు పొయ్యిది కాదు, పిల్లది కాదు, నాది. లెక్కల పంతులునై యుండియు, ఏ కొలతలో 350 అని నేను అడుగనైతిని.

ఆ సాయంకాలము నేను మనుమరాలిని కూర్చుండబెట్టుకొని మా తండ్రిగారి కాగితముల పెట్టె తెఱచితిని. వేడిమి మార్పిడికిని పాత కాగితములకును సంబంధమేమని మీరడుగవచ్చును. సంబంధము కలదు.

ఆ పెట్టెలోని పహాణీ నకళ్లలో ఫసలీ సంవత్సరములున్నవి. ఫసలీ అంకెకు 590 కూడినచో ఆ ఫసలీ మొదలైన క్రీస్తుశక సంవత్సరము వచ్చునని మీలో చాలమందికి తెలియును. ఫసలీ 1358 అనగా 1948-49. ఇచ్చట సంవత్సరపు నిడివి మాఱలేదు. లెక్క మొదలుపెట్టిన చోటు మాత్రమే మాఱినది. ఆ పెట్టెలోనే హాలీ సిక్కా రూపాయలలో వ్రాసిన అప్పు పత్రము లున్నవి. నిజాము రాజ్యమున చెల్లిన హాలీ రూపాయలు ఏడింటికి, ఇంగ్లీషువారి కల్దారు రూపాయలు ఆఱు. 350 హాలీ రూపాయలకు 300 కల్దారు. ఇచ్చట మొదలు మాఱలేదు. సున్న హాలీ అనగా సున్న కల్దారే. ఒక్కొక్క రూపాయి విలువ మాత్రమే మాఱినది.

వేడిమి మార్పిడిలో ఈ రెండును ఒక్కమాఱే జరుగును. అందువలననే అది జనులకు కఠినముగా తోచుచున్నది. ఫారన్‌హీటు కొలతలో మంచు కరగుచోట 32, నీరు మఱుగుచోట 212. నడుమ 180 భాగములు. సెల్సియస్ కొలతలో మంచు కరగుచోట సున్న, నీరు మఱుగుచోట 100. నడుమ నూరు భాగములు. కావున మొదట ఫసలీ లెక్కవలె మొదలును సరిచేయవలెను: 350 నుండి 32 తీసివేయగా 318. పిమ్మట హాలీ లెక్కవలె విలువను సరిచేయవలెను: 180 కి నూరు, అనగా తొమ్మిదింటికి అయిదు. 318 ని అయిదుతో హెచ్చించి తొమ్మిదితో భాగింపగా సుమారు 177. వంటపుస్తకములవారు దానిని 180 అని గుండుగా వ్రాయుదురు. మా మనుమరాలు పెట్టిన 250 సెల్సియస్ మా కూతురి లెక్కలో 482. బిస్కట్లు బొగ్గులగుట వింత కాదు.

సెల్సియస్ నుండి ఫారన్‌హీటునకు నోటిలెక్క కావలసినవారు అంకెను రెట్టింపు చేసి, అందు పదవవంతు తీసివేసి, 32 కూడుడు. 180 రెట్టింపు 360. పదవవంతు 36 పోగా 324. 32 కలుపగా 356. ఓవెను పనికి ఇంతకన్న సూక్ష్మము అక్కఱలేదు. 150 అన్నచో సుమారు 300 ఫారన్‌హీటు, 180 అన్నచో 350, 200 అన్నచో 400, 230 అన్నచో 450 అని గుర్తుంచుకొన్న చాలును.

ఒక మెలకువ చెప్పెదను. లోపల గాలి తిప్పెడి పంకా గల ఓవెనులో వేడిని ఇరువది సెల్సియస్ డిగ్రీలు తగ్గింపుమని పుస్తకములు చెప్పును. ఆ ఇరువదిని ఫారన్‌హీటునకు మార్చునపుడు 32 కూడరాదు. అది రెండు వేడిముల నడుమ గల తేడా గాని, ఒక వేడిమి కాదు. ఇరువది డిగ్రీల తేడా అనగా 36 ఫారన్‌హీటు డిగ్రీల తేడా, అంతే. మనిషి వయస్సు పదేండ్లయినచో ఫసలీ లెక్కలోను పదేండ్లే గదా! దానికి 590 ఎవ్వరును కూడరు.

ఇక ఈ కొలతల పుట్టుక వినుడు.

డాంజిగు పట్టణమున 1686లో పుట్టిన డానియల్ గాబ్రియల్ ఫారన్‌హీటు హాలండు దేశమున గాజు పరికరములు చేసి జీవించినవాడు. 1714 నాటికి అతడు పాదరసముతో నమ్మదగిన ఉష్ణమాపకములను చేసెను. 1724లో తన కొలతను లోకమునకు తెలిపెను. మంచు, నీరు, నవాసాగరము కలిపిన మిశ్రమము ఎంత చల్లబడునో అది సున్న. మంచునీరు 32. ఆరోగ్యవంతుని శరీరము 96. తరువాతివారు నీరు మఱుగుచోటును 212గా స్థిరపఱచి లెక్కను సవరించిరి. అందువలన శరీరపు వేడిమి 98 దాటి పడినది.

ఫ్రాన్సు దేశమున రోమ్యూర్ 1730లో మఱియొక కొలత చేసెను. అందు మంచునకు సున్న, మఱుగు నీటికి 80. స్వీడను దేశమున ఉప్సాలాలో ఖగోళశాస్త్రము బోధించుచుండిన ఆండర్స్ సెల్సియస్ 1742లో నూరు భాగముల కొలతను ప్రకటించెను. వింత యేమనగా, అతడు మఱుగు నీటికి సున్న, మంచునకు నూరు పెట్టెను! వేడి పెరిగినకొలది అంకె తగ్గును. అతడు 1744లో మరణించిన పిమ్మట ఆ కొలతను తలక్రిందులు చేసి నేటి రూపమునకు తెచ్చిరి. దానికి సెల్సియస్ అను పేరు అంతర్జాతీయముగా స్థిరపడినది 1948లో.

ఇన్ని కొలతలు పుట్టినను, ఐరోపా వంటయింటికి అంకెలు రాలేదు. రొట్టె కాల్చు స్త్రీ పొయ్యిలో చేయి పెట్టి ఎంతసేపు ఓర్చుకొనగలదో లెక్కించుకొనెడిది. కాగితపు ముక్క పెట్టి అది ఎంతలో వన్నె మాఱునో చూచెడిది. పాత వంటపుస్తకములలో మందమైన పొయ్యి, మధ్యమమైన పొయ్యి, తీవ్రమైన పొయ్యి అనియే యుండును. 1923లో ఇంగ్లాండునందు “రెగ్యులో” అనెడి మీట గల గ్యాసుపొయ్యి వచ్చి, వేడి తనంతట తాను నిలుచు ఏర్పాటు కలిగినది. దాని మీద డిగ్రీలు లేవు. ఒకటి, రెండు అని గుర్తులు మాత్రమే. నేటికిని ఇంగ్లీషు వంటపుస్తకములలో “గ్యాస్ మార్కు 4” అని కనబడును. ఆ గుర్తును 25 తో హెచ్చించి 250 కూడినచో ఫారన్‌హీటు వచ్చును. నాలుగవ గుర్తు సరిగా 350. అదియే వారి పాత మధ్యమమైన పొయ్యి. చూచితిరా! మా కూతురు వ్రాసి పంపిన 350 కూడ ఒకప్పుడు ఎవ్వరో ముసలమ్మ చేతితో పట్టి చూచి చెప్పిన మాటయే. దానిని ఎవ్వరో ఓపికతో అంకెలోనికి మార్చిరి.

మన పెద్దలకును ఇట్టి విభాగము తెలియును. తైలము, ఘృతము కాచునపుడు మృదుపాకము, మధ్యమపాకము, ఖరపాకము అని ఆయుర్వేదము మూడు చెప్పినది. కల్కమును వ్రేళ్ల నడుమ నలిపి వత్తి యగునో లేదో చూచి పాకమును నిర్ణయింతురు. లోహభస్మములు చేయువారు గజపుటము, వరాహపుటము, కుక్కుటపుటము, కపోతపుటము అని గోతి కొలతను బట్టియు పిడకల లెక్కను బట్టియు వేడిని నిర్ణయించిరి. కపోతపుటమునకు ఎనిమిది పిడకలు. అంకెలు లేని కొలత కాదది. ఇంధనమును లెక్కించి వేడిని పట్టెడి కొలత. ఈ కాలపు పరిశోధకులు పుటములలో ఉష్ణమాపకములు పెట్టి కొలిచి, విద్యుత్తు కొలిమిలో అదే క్రమమును నడుపుచున్నారు. అది పుటమునుండి డిగ్రీలోనికి మార్పిడి.

అన్ని మార్పిడులును ఇట్లు సఫలము కాలేదు. ఇంగ్లాండు దేశమున పింగాణి పాత్రలకు పేరొందిన జొసయా వెడ్జివుడ్డు కొలిమి వేడిని కొలుచుటకు 1782లో మట్టిబిళ్లల కొలత నొకదానిని ప్రకటించెను. మట్టిబిళ్ల కాలినకొలది చిన్నదగును. ఎంత చిన్నదైనదో అంత వేడి. కుమ్మరికి తగిన యుక్తి. దానిని ఫారన్‌హీటులోనికి మార్చుటకు తన ఒక్క డిగ్రీ 130 ఫారన్‌హీటు డిగ్రీలకు సమానమని అతడు నిర్ణయించెను. ఆ లెక్కను పోత ఇనుము కరగుటకు పదునేడువేల తొమ్మిదివందల ఫారన్‌హీటు దాటినది! నిజమునకు సుమారు రెండువేల నూరు చాలును. మట్టిబిళ్ల అబద్ధమాడలేదు. రెండు కొలతలును నిశ్చయముగా కలిసెడి స్థానము ఆ మండు కొలిమిలో అతనికి దొరకలేదు, అదియే లోపము.

కొలిమి మాట వచ్చినది గనుక మన సీమకు వచ్చెదను. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు 2016లో విభజింపబడినవి గాని, ఆ నేలలో ఇనుప చిట్టెపు దిబ్బలు నేటికిని కలవు. మీలో ఎందఱో దున్నునపుడు నాగటికి తగిలిన నల్లని రాళ్లను గట్టున పాఱవేసియుందురు. నిర్మలకు గోదావరి కావలి దరిని, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను గ్రామము కలదు. అచ్చటి ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. లాంబ్టను దొర భూమాపన బృందమున వైద్యుడుగాను, భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో కలకత్తాలో అచ్చయినది.

ఊక కలిపిన మట్టితో మూసలు చేసి, అందు ఇనుము నుంచి, మూతవేసి, తిత్తులతో ఊది, గంటల తరబడి కాచుట వారి పని. మూస లోపల ఏమి జరుగుచున్నదో కంటికి కనబడదు. అచ్చమైన ఇనుము కరగుటకు 1538 సెల్సియస్ డిగ్రీలు కావలెను. బొగ్గుసారము పట్టిన ఉక్కునకు కొంత తక్కువ చాలును. అంతటి వేడిని ఆ పనివారు ఉష్ణమాపకము లేకయే సాధించిరి. మంట రంగు వారి కొలత. మసక ఎఱుపు సుమారు ఏడువందల డిగ్రీలు. నారింజపండు వన్నె సుమారు వేయి. తెల్లదనము వచ్చినచో పదుమూడు వందలు దాటినట్లు. ఈ అంకెలు వారికి తెలియవు. వన్నె వారికి తెలియును.

పందొమ్మిదవ శతాబ్దములో ఆ పని క్షీణించినది. ఏ వన్నె వచ్చినపుడు తిత్తి ఆపవలెనో, ఎంతసేపు నిలుపవలెనో ఆ కన్నులతోనే పోయినది. 2010లో బెంగుళూరి జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లాండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును మన ఉత్తర తెలంగాణమున ఊరూర తిరిగి చిట్టెపు దిబ్బలను, పగిలిన మూసలను పరిశీలించిరి. పెంకులను చూచి పనివాని తెలివిని ఊహింపవలసి వచ్చినది. బ్రతికియున్న కాలమున ఎవ్వడైన పక్కన కూర్చుండి ఆ వన్నెలను వేఱొక కొలతలో వ్రాసియుండిన నేడు ఈ శ్రమ యుండెడిది కాదు.

కొలతల మార్పిడి వట్టి పుస్తకపు విద్య యని తలపవలదు. రెండేండ్ల క్రిందట మా వాడలో ఒక పసివానికి జ్వరము వచ్చినది. ఇంటిలోని క్రొత్త ఉష్ణమాపకము 39.6 అని చూపినది. ఆ యింటి పెద్ద, “98 కదా మామూలు, ఇది ముప్పదితొమ్మిదియే, భయము లేదు” అని ఒక పూట గడపెను. సాయంకాలము ఆశా కార్యకర్త వచ్చి చూచి, అది సెల్సియసు అంకె యనియు, ఫారన్‌హీటులో 103 దాటినదనియు చెప్పి వెంటనే ఆసుపత్రికి పంపెను. దైవానుగ్రహమున బిడ్డ కోలుకొనెను. మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చినది. మనము ఎండను సెల్సియస్‌లో చెప్పుకొందుము, జ్వరమును మాత్రము ఫారన్‌హీటులో చెప్పుకొందుము. ఆదిలాబాదులో 45 డిగ్రీల ఎండ అన్నపుడు అది 113 ఫారన్‌హీటని ఎవ్వరికిని తోచదు. ఒక యింటిలో రెండు కొలతలున్నపుడు, అంకె ప్రక్కన దాని పేరు చెప్పుట పెద్దల విధి.

ఇక మా వంటయింటికి మరలి నా ప్రసంగము ముగించెదను. ఆ ఓవెను అనుభవము తరువాత మా మనుమరాలు వంటలో ముంచి చూచెడి ఉష్ణమాపకము నొకదానిని తెప్పించెను. మొదట దానిని పరీక్షించితిమి. మంచునీటిలో సున్న చూపినది. మఱుగు నీటిలో 99 చూపినది. మన ఊళ్లు సముద్రముకన్న కొంత ఎత్తున నున్నందున నీరు నూరునకు ఒక డిగ్రీ ముందే మఱుగును. కావున పరికరము సరియైనదే. వెడ్జివుడ్డు చేయలేకపోయిన పని మేము రెండు గిన్నెలతో చేసితిమి.

పిమ్మట మా యింటావిడ అరిసెలకు పాకము పట్టుచుండగా ఆ పరికరమును ప్రక్కన నుంచితిమి. ఆమె దానివంక చూడలేదు. “పాకం నీళ్లల్ల ఏస్తే ఉండ కావాలె, గంతే” అని తన పని తాను చేయుచుండెను. ఆమె చుక్క తీసి నీటిలో వేసి, ఉండచేసి, దించుమన్నపుడు మా మనుమరాలు అంకె చదివెను: 115. మఱునాడు మఱియొక వాయికి 114. మూడవ నాడు మరల 115. నాకు ఆశ్చర్యమైనది గాని, కారణము విన్న పిమ్మట ఆశ్చర్యము తీఱినది. బెల్లపుపాకములో నీరు తగ్గినకొలది అది మఱుగు వేడిమి పెరుగును. వేడిమి అంకె చెప్పునది మిగిలిన నీటినే; వ్రేళ్ల నడుమ ఉండ చెప్పునదియు ఆ మిగిలిన నీటినే. ఇద్దఱును ఒకే ప్రశ్నకు బదులు చెప్పుచున్నారు. అటులనే సకినాల నూనెలో పిండిచుక్క వేసి అది వెంటనే పైకి తేలినదని ఆమె తృప్తిపడినపుడు అంకె 175 దగ్గఱ నున్నది.

ఆ అంకెలను మా మనుమరాలు తన పుస్తకములో వ్రాసికొనెను. ప్రక్కనే “నీళ్లలో వేస్తే ఉండ కావాలె” అని నానమ్మ మాటయు వ్రాసెను. రెంటిని కలిపి వ్రాయుమని నేను చెప్పితిని. ఏలయన బెల్లము మాఱినపుడు అంకె కొంచెము తప్పవచ్చును, చేతికి అలవాటు లేనివారికి మాట తప్పవచ్చును.

శ్రోతలారా! మీ యిండ్లలో కుండకు, కొలిమికి, పాకమునకు, ఆవమునకు వేడి చూచెడి చేతులింకను కలవు. కుమ్మరి ఆవములో మంట ఎప్పుడు ఆపునో, కంసాలి పుత్తడిని ఏ వన్నెలో తీయునో, మీ అమ్మగారు పాకమును ఎప్పుడు దించునో పక్కన కూర్చుండి చూడుడు. బడికి పోవు పిల్లవానిచేత కొలిపించి వ్రాయింపుడు. అంకె ప్రక్కన కొలత పేరు తప్పక వ్రాయింపుడు. ఫసలీ నుండి క్రీస్తుశకమునకు, హాలీ నుండి కల్దారునకు తప్పులేక మార్చిన పెద్దల బిడ్డలము. ఈ మార్పిడి మనకు కష్టము కాదు.

సెలవు.